నేను పలమనేరు వెళ్ళని ఆదివారం

నవంబరు 18, సోమవారం

అక్టోబరు ఇరవయ్యో తేదీ ఆదివారం నేను పలమనేరు వెళ్ళలేదు. కాణిపాకం వెళ్ళాను. ఇది ఇక్కడ రాసిపెట్టుకోవడం మంచిది. రేపు ఆసుపత్రిలో అడుగుతారు. ఎన్నిసార్లు అడిగినా ఒకే మాట రావాలి.

జ్వరం నూటొకటి. దగ్గు ఐదో రోజు. పొద్దున కళ్ళెలో సన్నటి ఎర్ర చార కనిపించింది. మా ఆవిడ కోమలి చూడకముందే నీళ్ళు పోసేశాను.

అక్క కిడ్నీ నా కడుపులోకి వచ్చి నిన్నటికి తొమ్మిది నెలలు. ఇంటికి పంపేటప్పుడు వెళ్ళకూడని చోట్ల జాబితా ఒకటి ఇచ్చారు. కోమలి దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. మూడోది పశువుల కొట్టం, నాలుగోది గడ్డివామి. నేను బస్టాండులో కంట్రోలర్‌ని, నాకు గడ్డివామితో ఏం పని అని ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు కూడా ఏం పనీ లేదు.

నవంబరు 19

డాక్టర్ వకుళ ఫిల్మును లైటు ముందు పెట్టి చాలాసేపు చూసింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఉసిరికాయంత మచ్చ.

"మునిచంద్ర గారూ, ఈ రెండు నెలల్లో ఎక్కడికైనా వెళ్ళారా? ఇల్లు కడుతున్న చోటు, పాత గోడౌను, పశువుల పాక, గడ్డి?"

"కాణిపాకం వెళ్ళాను మేడమ్."

"అక్కడ గడ్డి ఉందా?"

"వినాయకుడి దగ్గర గరిక ఉంటుంది."

ఆమె నవ్వలేదు. రాసుకుంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని నిదానంగా చెప్పింది. కొత్త కిడ్నీని ఒళ్ళు తరిమేయకుండా నేను రోజూ మందులు మింగుతున్నాను కదా, ఆ మందులు నా ఒంటి కాపలా మొత్తాన్ని నిద్రపుచ్చుతాయట. బూజు పట్టిన గడ్డి దుమ్ము అందరూ పీలుస్తారు, ఎవరికీ ఏమీ కాదు, నాలాంటివాడికి మాత్రం అది లోపల మొలకెత్తుతుందట.

"అలాంటి చోటికి వెళ్ళి ఉంటే చెప్పండి, ఇవాళే ఫంగస్ మందు మొదలుపెడతాను. వెళ్ళలేదంటే ముందు టీబీ, మామూలు నిమ్ము చూడాలి. ఆ మందు ఊరికే ఎక్కించేది కాదు."

కోమలి నా పక్కనే నిలబడి ఉంది.

"గడ్డి దగ్గరికి వెళ్ళలేదు మేడమ్," అన్నాను.

వార్డులో చేర్చుకున్నారు. నర్సు కృపారాణి సూది గుచ్చుతూ అంది: "సార్, మళ్ళా ఒకతూరి ఆలోసించుకోండి. సానామందికి తర్వాత గుర్తొస్తాది."

నవంబరు 20

గుర్తు రాలేదు.

నవంబరు 23, శనివారం

అక్క వచ్చింది. పలమనేరు దగ్గర పల్లెలో తన ఏడు ఆవులనూ పక్కింటామెకు అప్పజెప్పి, మొదటి బస్సెక్కి వచ్చింది. ఎప్పటిలాగే నా మొహం చూడలేదు. దుప్పటి పక్కకి లాగి, కడుపు కుడివైపు కింద, కిడ్నీ పెట్టిన చోట చెయ్యి వేసింది.

"ఏమ్మే, ఎట్లుండావు? సరింగా నీళ్ళు ఇస్తాండారా నీకు?"

కోమలి పక్కకి తిరిగి, "వదినా, ఆయప్ప మొగం గూడా రోంత సూడు. ఆడ గూడా పానముండాది," అంది.

"వాని మొగం నలబై ఏండ్లుగా సూస్తానే ఉండాను. ఇది నాకాణ్ణించి పొయ్యి తొమ్మిది నెల్లే."

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆపరేషన్‌కి ముందు కిడ్నీ తనే ఇస్తానని కోమలి పట్టుబట్టింది, రక్తం కలవలేదు. అప్పట్నుంచి అక్క కడుపు తడిమినప్పుడల్లా కోమలికి మండుకొస్తుంది. "ఇంగ నువ్వు ఆ ఊరికి పోబాక. ఆమె అన్నీ గుచ్చినట్టే సెప్తాది," అని నా చేత ఒట్టు కూడా వేయించుకుంది.

కోమలి మందుల కోసం కిందికి వెళ్ళగానే అక్క కిటికీలోంచి చూస్తూ, "గడ్డంతా మళ్ళా తడిసిపాయ," అంది.

"ఈడ గడ్డి మాట ఎత్తొద్దక్కా," అన్నాను.

ఇద్దరం ఆసుపత్రి గోడకున్న పోస్టరు చదువుతూ కూర్చున్నాం. చేతులు ఎలా కడుక్కోవాలో ఏడు బొమ్మలున్నాయి.

నవంబరు 27

టీబీ కాదు. మామూలు నిమ్ము మందులు పనిచేయలేదు. నిన్న ముక్కులోంచి గొట్టం దింపి లోపలి నీళ్ళు తీశారు. ఇవాళ డాక్టరమ్మ వచ్చి చెప్పింది. ఫంగస్.

"అంటే?" అంది కోమలి.

"ఒక రకమైన బూజు అనుకోండి."

"బూజా? రొమ్ములో బూజా మేడమ్? వారానికి రెండుతూర్లు ఇల్లు దులుపుతానే!"

"ఇంట్లో బూజు కాదమ్మా."

కోమలికి ఆ మాట వినిపించలేదు. ఆమెకు తన ఇంటి శుభ్రత మీద పడ్డ నింద మాత్రమే వినిపించింది.

మందు ఇవాళ మొదలైంది. డాక్టరమ్మ ఫైలు మూస్తూ, "ఎనిమిది రోజులు పోయాయి," అంది. నన్ను అనలేదు. ఫైలుతో అంది.

నవంబరు 30, శనివారం

కోమలి రెండు రోజులుగా ఆసుపత్రికి సరిగా రావడం లేదు. ఇంటి మీద యుద్ధం ప్రకటించింది. బూజుకర్ర పట్టుకుని ప్రతి మూలా దులిపింది. పాత పేపర్లు, పరుపు, నా పెళ్ళి సూటు, ఊరగాయ జాడీలు రెండు బయటికి పోయాయి. ఊరగాయకు ఫంగస్‌తో ఏం సంబంధమని ఫోన్లో అడిగితే, పైన తెల్లగా ఉండిందట.

మధ్యాహ్నం విజయగర్వంతో వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి.

"మేడమ్, గడ్డి గడ్డి అంటిరి గదా. దొరికినాది!"

మా ఎయిర్ కూలర్ పక్కల పెట్టే గడ్డి. మూడు వేసవుల నాటిది, నల్లగా, తడిగా ఉంది. సంచి మూతి విప్పి చూపించబోయింది. కృపారాణి కేక పెట్టి తలుపు మూసేసింది. వార్డులో ఉన్న నలుగురు కిడ్నీ పేషెంట్లనీ మంచాలతో సహా పక్క గదిలోకి తోశారు. ఒకాయన భోజనం మధ్యలో ఉన్నాడు, ప్లేటు పట్టుకునే వెళ్ళాడు. కోమలిని కింద సెక్యూరిటీ దగ్గర కూర్చోబెట్టి, సంచిని మూడు సంచుల్లో వేసి కట్టి తీసుకుపోయారు.

"ఇంత పెమాదమైంది ఇంట్లో పెట్టుకుని పొణుకుంటిమే," అని ఆమె కింద ఏడ్చిందట.

అది కాదని చెప్పగలిగినవాణ్ణి నేను ఒక్కణ్ణే. నేను మంచంతో సహా పక్క గదిలో ఉన్నాను.

డిసెంబరు 2

కూలర్ గడ్డిలో దొరికింది వేరే రకమట. కోమలి నిరాశపడలేదు. మా పడకగది కప్పు మీద తేమ మరక ఉంది. దాని పైన మేడ. మేడ మీద ముకుందం గారి పూలకుండీలు.

ముకుందం గారు దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మా పై వాటాలో ఒక్కరే ఉంటారు. కనకాంబరం, మరువం, దవనం, తులసి, మొత్తం ముప్పై ఆరు కుండీలు. రోజూ తెల్లవారి కోసి, తన ఇంట్లో పెరుమాళ్ళకు మాల కడతారు. కుండీల మట్టిలో ఫంగస్ ఉంటుందని డాక్టరమ్మ అన్న మాట పట్టుకుని కోమలి ఆయన తలుపు తట్టింది. గొడవ పడటానికి సిద్ధమై వెళ్ళింది. ఆయన గొడవ పడలేదు.

సాయంత్రం ఆయన వార్డు అద్దం బయట కనిపించారు. మాస్కు మీద మాస్కు వేసుకుని, చేతులు జోడించి నిలబడ్డారు. కృపారాణి ఫోన్ కలిపి ఇచ్చింది.

"నా వల్ల పెద్ద అపచారం జరిగిపోయింది స్వామీ. మీ నెత్తి మీదనే విషం పెంచినాను. అన్నీ తీసేసినాను. ముప్పై ఆరూ. మట్టి గూడా కార్పొరేషన్ బండికి ఎత్తేసినాను. నన్ను క్షమించండి."

నేను ఏదో చెప్పబోయాను. దగ్గు వచ్చింది. నిజంగానే వచ్చింది.

డిసెంబరు 3

మంచం చివర ఆవు నిలబడి ఉంది. ఎర్రావు. గోడ పచ్చగా వెలుగుతోంది, కిటికీ చుట్టూ ఊదారంగు. ఆవు నా కేసు షీటు తింటోంది.

కృపారాణికి చెప్పాను. ఆమె సెలైన్ సరిచేస్తూ అడిగింది: "ఈనిన ఆవా, సూడిదా?"

"సూడిది."

"అయితే నెమ్మదిగానే ఉంటాది. పొణుకోండి సార్. ఈ మందుకు ఏదో ఒగటి కనపడతాది. పోయిన నెల్లో ఒకాయన పెండ్లి మేళం ఆపమని మా మీద అరిసినాడు. మీది ఎంతో మేలు."

డిసెంబరు 4

ఆవు ఉండగానే చెప్పేశాను. ముకుందం గారి జోడించిన చేతులు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

"మేడమ్, నేను పలమనేరు వెళ్ళాను. మా అక్క ఇంట్లో గడ్డి లాగాను. బూజు పట్టిన గడ్డి."

డాక్టర్ వకుళ నా కనురెప్పలు ఎత్తి చూసింది. "ఇప్పుడు గడ్డి కూడా కనిపిస్తోందా?"

"కనిపించడం కాదు మేడమ్. నిజంగానే లాగాను."

"ఆవు తింటోందా గడ్డిని?"

"ఆవు కేసు షీటు తింటోంది. గడ్డి వేరే."

ఆమె కృపారాణి వైపు తిరిగి, రక్తంలో మందు ఎంత ఉందో చూడమంది. ఎక్కువే ఉంది. నలభై ఐదు రోజులు దాచిన నిజం బయటపెట్టాను. మందు డోసు తగ్గించారు.

డిసెంబరు 6

ఆవు వెళ్ళిపోయింది. గోడ మామూలు గోడలాగే ఉంది. ఇప్పుడు చెబితే నమ్ముతారు.

రేపు చెబుతాను.

డిసెంబరు 7

వాన.

డిసెంబరు 9, సోమవారం

చెప్పాను. కోమలి కూడా ఉంది. "కాణిపాకం కాదు, పలమనేరు," అన్నాను. కోమలి డాక్టరమ్మ వైపు చూసి, "ఇంగా దిగలేదా మేడమ్ మందు?" అంది.

"సాక్షిని అడుగుదాం," అని డాక్టరమ్మ అక్కకు ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది.

"తిరుమలమ్మ గారూ, అక్టోబరులో మీ తమ్ముడు మీ ఇంటికి వచ్చారా? గడ్డి పని ఏమైనా చేశారా?"

అవతలి నుంచి ముందుగా ఆవు అరుపు వినిపించింది. నేను కృపారాణి వైపు చూశాను. "నాగ్గూడా ఇనిపించినాది సార్," అంది మెల్లగా.

"వాడా? వాడు ఈ పక్కకే రాలేదు మేడమ్," అంది అక్క. "అసలికి నాకాడ గడ్డే లేదు."

"ఏడు ఆవులున్నాయి కదమ్మా. ఏం తింటాయి?"

"ఏదో తింటాయి లే మేడమ్."

ఫోన్ పెట్టేసింది. కోమలి మొహంలో ఎంత ఊరటో! నేను ఒట్టు తప్పలేదని సాక్ష్యం దొరికింది. నా నుదురు తుడిచి, "ఏం ఆలోసించబాక, అన్నీ సర్దుకుంటాయి," అంది.

డిసెంబరు 10

ఇక్కడైనా సరిగ్గా రాసుకుంటాను.

ఆ ఆదివారం కాణిపాకం అని చెప్పి బస్సెక్కాను. చిత్తూరులో దిగి పలమనేరు బస్సు ఎక్కాను. ఎనిమిది నెలలుగా గాజు బొమ్మలా కూర్చుని విసిగిపోయాను. కోమలి నా చేతికిచ్చే ముందు చిల్లర నాణేలు కూడా కడుగుతుంది. అక్కకు నేను బాగున్నానని చూపించాలనిపించింది. అంతకంటే ఏమీ లేదు.

వారం పాటు కురిసిన వానకు అక్క గడ్డివామి ఒక పక్కకి ఒరిగి పడిపోయింది. అక్క ఒక్కతే తడిసింది వేరు, ఎండింది వేరు చేస్తోంది. వంగినప్పుడల్లా ఎడమ చేత్తో నడుం పక్కన, కోత పెట్టిన చోట, పట్టుకుంటోంది. అది చూశాను. చూసి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగలేక వామి ఎక్కాను.

"దిగరా నాయనా! నా కిడ్నీ తడుస్తాది!" అని అరిచింది. నేను దిగకుండా రెండు గంటలు లాగాను. మధ్యలో వామి వెచ్చగా ఉంది. పిడికెడు లాగితే చాలు, బూడిదరంగు పొగ లేచేది. సాంబ్రాణి పొగలా. మాస్కుతో ఊపిరాడక తీసి జేబులో పెట్టుకున్నాను. అక్క చివరికి తిట్టడం మానేసి, కింద నుంచి మోపులు అందుకుంది. చిన్నప్పుడు నాయనతో కలిసి వామి వేసిన రోజుల గురించి ఇద్దరం మాట్లాడుకున్నాం. ఎంత హాయిగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు పలమనేరు బస్టాండు దగ్గర స్వీటు అంగట్లో నాలుగు లడ్లు కొని, కాణిపాకం ప్రసాదమని కోమలికిచ్చాను.

నేను చెబితే అక్క గడ్డే అక్క కిడ్నీ మీదికి తెచ్చిందని కాగితం మీద పడుతుంది. చెప్పకపోతే ముకుందం గారి కుండీలు తెచ్చాయని పడుతుంది. అక్కకు ఒక కిడ్నీ పోయింది, ఆయనకు ముప్పై ఆరు కుండీలు పోయాయి. నేను మాత్రం జ్వరంతో, మంచి పేరుతో పడుకుని ఉన్నాను.

డిసెంబరు 13, శుక్రవారం

కిడ్నీ పరీక్షలో అంకె ఒకటి పాయింట్ రెండు ఉండేది, రెండు పాయింట్ ఎనిమిదికి ఎక్కింది. అది ఎంత ఎక్కితే కిడ్నీ అంత దెబ్బతిన్నట్టట. అక్కను పిలిపించారు. డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఫంగస్ ఇంకా లొంగలేదు. కిడ్నీని కాపాడే మందులు తగ్గించాలి. తగ్గిస్తే ఒంటి కాపలా లేచి ఫంగస్‌తో పోరాడుతుంది. కానీ నిద్ర లేచిన కాపలా కిడ్నీ మీద కూడా పడొచ్చు.

"ప్రాణం ముందు. కిడ్నీ పోతే మళ్ళీ డయాలిసిస్. మీరు ఒప్పుకోవాలి," అని నా వైపు చూసింది.

"అక్కను అడగండి మేడమ్," అన్నాను. "ఆమెది."

అక్క ఇదంతా విని, చెంగుతో మొహం తుడుచుకుని అడిగింది: "నాకాడ ఇంగోటి ఉండాది గదా మేడమ్. ఇది పాడైతే అది తీసుకోండి."

"అప్పుడు మీకు?"

"నాకెందుకు? నాకు పాలు పిండేదానికి సేతులుంటే సాలు."

"కిడ్నీ లేకుండా ఎవరూ బతకరమ్మా."

"అట్లనా." కాసేపు ఆలోచించింది. "అయితే ఒగటే పెట్టుకుని ఇద్దరం సర్దుకునే దావ ఏదన్నా ఉంటే సూడండి."

ఎవరూ నవ్వలేదు. అక్క కూడా తమాషాకి అనలేదు. ఒక్కసారిగా ఏడుపు మొదలుపెట్టింది.

"మందు తగ్గీండి మేడమ్. నా కిడ్నీ పోతే పోనీ. వాడు మా ఇంటికొచ్చినాడు. వాడు సెప్పింది నిజిం. నా గడ్డే. నేనే అబద్దం సెప్పినాను. ఇచ్చినదాన్నే సంపేసినానని రాస్తారేమోనని బయమేసినాది. ఫంగసని తెలిసిన దినమే వామి మొత్తం కాలబెట్టేసినాను. ఆవులు ఏమీ తినకుండా ఒక దినం ఊరికే నిలబడినాయి."

నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు దిగమంటే నేనే దిగలేదు గదక్కా," అన్నాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఇప్పటికి మూడు రకాలుగా రాశాను. ముందు కాణిపాకం, తర్వాత భ్రమ, ఇప్పుడు నిజం. ఆ ఎనిమిది రోజులూ మీవే మునిచంద్ర గారూ. గుర్తుపెట్టుకోండి," అంది. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

కోమలి నా వైపు తిరిగింది. చాలా మెల్లగా అడిగింది.

"ఆ లడ్డు?"

నేను తల వంచుకున్నాను.

"కండ్లకద్దుకుని తింటిని. పైన ముకుందమయ్యకు గూడా ఇస్తిని. ఆయన సొక్కా ఇడిసి, సేతులు కడుక్కుని తీసుకున్నాడే!" గొంతు పెరిగింది. "ఆయన ముందర ఎవురూ అబద్దమాడరని అందురూ ఆడికి పొయ్యి పెమాణాలు సేస్తారు. నువ్వు ఆయన పేరు సెప్పే అబద్దమాడితివే!"

గడ్డి గురించి ఒక్క మాట అనలేదు. అక్క గురించీ అనలేదు. లడ్డు గురించి సాయంత్రం వరకూ ఏడ్చింది. అక్క ఆమెకు కాఫీ తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని నా వైపు చూశారు.

కాగితం మీద సంతకం పెట్టాను. మందు తగ్గించారు.

డిసెంబరు 15

రెండు పాయింట్ తొమ్మిది.

డిసెంబరు 17

రెండు పాయింట్ తొమ్మిది. అక్క ఊరికి వెళ్ళలేదు. కింద వరండాలో కోమలి చాప మీదే పడుకుంటోంది.

డిసెంబరు 20, శుక్రవారం

రెండు పాయింట్ నాలుగు. జ్వరం లేదు. కృపారాణి చర్చిలో ప్రార్థన చేయించానని చెప్పింది. అక్క తమ ఊరి గంగమ్మకు మొక్కానంది.

కోమలి వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆమె కూడా ఏదో మొక్కు సంగతి చెబుతుందనుకున్నాను.

"ముకుందమయ్య అలిపిరి నుంచి మెట్లెక్కినాడంట," అంది. "నువ్వు బతకాలని. పాపం పోవాలని. డెబ్బయి ఒకటి ఆయనకు. మోకాళ్ళు రెండూ వాచిపొయి మంచం మీద ఉండాడు."

"నువ్వు చెప్పావా ఆయనకి, గడ్డి సంగతి?"

"పులిహోర సేసుకుని పొయినాను. సెప్పేదానికే పొయినాను. ఆయన లేచి కూసుని, 'మునిచంద్రకు ఎట్లుంది తల్లీ' అన్నాడు. నోరు రాలేదు. పులిహోర ఇచ్చి వచ్చేసినాను."

ఈ విషయంలో ఇద్దరం ఒకటే రకమని ఇవాళ తెలిసింది.

జనవరి 10, శుక్రవారం

ఇంటికి పంపించారు. మచ్చ బఠాణీ గింజంతకు తగ్గింది. అంకె ఒకటి పాయింట్ ఎనిమిది దగ్గర నిలిచింది. ఇంతకంటే దిగదట. కిడ్నీలో కొంత శాశ్వతంగా పోయింది, మిగిలినదాన్ని చూసుకోవాలి. మాత్రలు ఇంకా నెలల తరబడి వేసుకోవాలి. ఆ మాత్రలు వేసుకునేవాళ్ళకు ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది, కాబట్టి జనవరిలో గొడుగేసుకుని ఆటో దిగాను. వీధిలో ఇద్దరు ఆకాశం వైపు చూశారు.

మెట్ల దగ్గర తలెత్తి చూడలేదు.

జనవరి 12

వెళ్ళలేదు.

జనవరి 16

వెళ్ళలేదు. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందని కోమలి అంది. నేను వెంటనే ఒప్పుకున్నాను.

జనవరి 19, ఆదివారం

వెళ్ళాను.

ఇరవై రెండు మెట్లు. మూడు చోట్ల ఆగాను. కోమలి కింద నిలబడి చూస్తోంది. మేడ ఖాళీగా ఉంది. గచ్చు మీద ముప్పై ఆరు గుండ్రటి మరకలు, వరసలుగా.

ముకుందం గారు తలుపు తీసి, నన్ను చూసి, రెండడుగులు వెనక్కి వేశారు. తన వల్ల నాకు ఇంకేమైనా అంటుకుంటుందేమోనని. గడప బయటే నిలబడి మొత్తం చెప్పాను. పలమనేరు, గడ్డి, ఎనిమిది రోజులు, ఆయన అద్దం బయట చేతులు జోడించినప్పుడు నేను దగ్గడం, లడ్డు. లడ్డు కూడా చెప్పాను.

ఆయన గోడ పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. మోకాళ్ళకు తెల్లటి పట్టీలు.

"అయితే నా కుండీలు ఏమీ చెయ్యలేదా?"

"లేదు స్వామీ."

"మరి నేనెందుకు ఎక్కినాను?"

నేను గచ్చు మీది మరకల వైపు చూశాను.

ఆయన మోకాలి పట్టీ సర్దుకున్నారు. నేను క్షమించమని అడగబోతుంటే చెయ్యెత్తి ఆపారు.

"నేను మొక్కుకున్నది మీరు బతకాలని. బతికినారు. అది సరిపోయింది. మట్టి వల్ల వచ్చిందా, గడ్డి వల్ల వచ్చిందా అని నన్ను ఏ మెట్టు దగ్గరా ఎవరూ అడగలేదు." ఖాళీ మేడ వైపు చూశారు. "కానీ స్వామీ, అంగట్లో పూలకు వాసన లేదు. నెలన్నరగా పెరుమాళ్ళకు నీళ్ళు చల్లిన పూలు వేస్తున్నాను. పొద్దున లేస్తే నాకు పనే లేదు. ఇప్పుడు నేను మళ్ళీ కుండీలు పెట్టుకోవచ్చునా?"

ఇది నేను ఊహించని ప్రశ్న. ఊహించాల్సిన ప్రశ్న. ఆ కుండీలు నాకు జబ్బు తేలేదు గానీ, తేగలవు. ఫ్రిజ్ మీద జాబితాలో ఆరోది అదే.

"నేను కింద ఉన్నంత వరకూ కుదరదు," అన్నాను.

ఆయన తల ఊపారు. కళ్ళజోడు తీసి ధోవతి అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"మీకు మీ ప్రాణం కావాల. నాకు నా కనకాంబరాలు కావాల. ఒకే గోడల మధ్య రెండూ కుదరవు. నేను తీసినాను, మెట్లూ ఎక్కినాను. ఇంక నా వల్ల కాదు. మీరు వేరే ఇల్లు చూసుకోండి స్వామీ."

తలుపు మెల్లగా వేసుకున్నారు. చప్పుడు కూడా కాలేదు.

దిగేటప్పుడు ఎక్కడా ఆగలేదు. నవంబరు నుంచి ఎవరూ నన్ను పొమ్మనలేదు. అందరూ నుదురు తుడిచారు, కడుపు తడిమారు, మొక్కారు. మొదటిసారి ఒకాయన నాకు తగిన మాట అన్నాడు. ఏమన్నాడని కోమలి అడిగింది.

"ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు."

"ఆయనది కాదు గదా ఇల్లు. ఓనరు జెప్పాల."

"ఖాళీ చేద్దాం," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. సాయంత్రం అక్కకు ఫోన్ చేసి, "వదినా, సామాను మోసేదానికి ఈయప్పను దగ్గిరికి రానీకుండా సూసుకోవాల, నువ్వు రావాల," అంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

భవానీనగర్‌లో పై అంతస్తు దొరికింది. మా మీద ఎవరూ ఉండరు, ఆకాశం తప్ప.

పొద్దున ఎనిమిదికి వ్యాను వచ్చింది. కోమలి, అక్క సామాను ఎక్కించారు. బీరువా విషయంలో ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారు, అడ్డంగా పెట్టాలా నిలువునా అని. నన్ను దుమ్ముకు దూరంగా వీధి చివర, మందుల షాపు ముందు, గొడుగు కింద కూర్చోబెట్టారు.

వ్యాను ఇంకా సగం కూడా నిండలేదు. దాని వెనకే ఇంకో ఆటో ట్రాలీ వచ్చి ఆగింది. నిండా మట్టి బస్తాలు. ముకుందం గారు కర్ర పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి కిందికి వచ్చారు. కూలీకి మేడ వైపు చూపించారు. మా పరుపు దిగుతుంటే ఆయన మట్టి ఎక్కుతోంది. మెట్ల మీద రెండూ ఎదురుపడి కాసేపు ఎటూ కదల్లేదు.

కోమలి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "సూసినావా? మనం పొయ్యేదాంక గూడా ఆగలేదు!"

మాస్కు ఇంకొంచెం పైకి లాక్కున్నాను. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది. కుర్చీ ఎత్తుకుని ఇంకో నాలుగు ఇళ్ళ అవతలికి జరిగాను. అక్కడ నుంచి మేడ బాగా కనిపిస్తుంది. పన్నెండు బస్తాలు. ఆఖరిది పైకి చేరి, దాని వెనకే ఆయన కూడా మెట్లెక్కి, కర్ర పక్కన పెట్టి, వంగి బస్తా మూతి విప్పేంత వరకూ కూర్చున్నాను. ఆ తర్వాత వ్యాను డ్రైవర్ని పోనిమ్మన్నాను.